బండి ఎందుకు జారుతుంది?

"బండి స్కిడ్ అయింది డాక్టరుగారూ!" మోకాలు చెక్కుకుపోయి, మోచేయి వాచి వచ్చిన మనిషిని ఏం జరిగిందని అడిగితే మా వరంగల్‌లో తరచు వినిపించే జవాబు ఇది. వెంట వచ్చినవారు "టైము బాగాలేదు" అని ఒక నిట్టూర్పు విడుస్తారు. కాని జ్వరం వచ్చినవారికి "మీకు జ్వరం" అని చెప్పి పంపిస్తే అది వైద్యం కాదు గదా! మలేరియానా, టైఫాయిడా అని కారణం వెతకాలి. బండి జారడం కూడా ఒక లక్షణమే. కారణం తెలిస్తే చాలా మటుకు నివారించుకోవచ్చు.

బండి ఎంత బరువైనదైనా, ఒక్కొక్క చక్రం నేలను తాకే భాగం సుమారు మీ అరచేయంత మాత్రమే. బండినీ, మిమ్మల్నీ, వెనక కూర్చున్న ఇల్లాలినీ రోడ్డు మీద నిలబెట్టేది ఆ రెండు అరచేతుల పట్టే. దానికొక హద్దుంది. నెల జీతం లాంటిదనుకోండి. బ్రేకు వేసినా, మలుపులో బండి వంచినా, యాక్సిలరేటరు ఒక్కసారిగా తిప్పినా ఆ జీతంలోంచే ఖర్చు. మలుపుకే అంతా ఖర్చుపెట్టి, అక్కడే బ్రేకు కూడా గట్టిగా నొక్కితే అప్పు పుట్టదు, చక్రం జారుతుంది. అందుచేత మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించాలి.

ఇక కారణాలు మూడు చోట్ల ఉంటాయి: రోడ్డులో, టైరులో, చేతిలో.

మొదటిది రోడ్డు. ఎండాకాలమంతా తారు మీద దుమ్మూ, వాహనాల నూనే, టైర్ల రబ్బరు పొడీ పేరుకుంటాయి. జూన్‌లో తొలకరి చినుకులు పడగానే ఇవన్నీ కలిసి జిడ్డుపొరగా మారతాయి. గట్టివాన కురిస్తే ఆ జిడ్డు కొట్టుకుపోతుంది. కాబట్టి తొలి చినుకుల్లో పది పదిహేను నిమిషాలు ఏ టీ కొట్టు దగ్గరో ఆగడం పిరికితనం కాదు. తడిసిన తెల్లగీతలు, మ్యాన్‌హోలు ఇనుపమూతలు, రైలు పట్టాలు మరీ నున్నగా ఉంటాయి. పట్టాలను ఏటవాలుగా కాక నేరుగా దాటండి.

మన పల్లెదారుల్లో ఇంకొకటి ఉంది. కోతలయ్యాక వడ్లు, మక్కజొన్న రోడ్డు మీదే ఆరబోస్తారు. చక్రం కింద గింజలు గోళీల్లా దొర్లుతాయి. అవి కనిపించగానే ముందే వేగం తగ్గించి, వాటిమీద బ్రేకు వేయకుండా, బండి వంచకుండా తిన్నగా సాగిపోండి. ఆరబోసుకునే రైతు సోదరులకు ఒక మనవి: కల్లం లేని ఇబ్బంది నిజమే. కాని చీకటిపడేలోగా కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు తీసేయండి. రాత్రివేళ నల్లటి టార్పాలిను, దాని మీది బండరాయి వచ్చేవాడికి కనబడవు. ఆ వచ్చేవాడు మీ ఊరి పిల్లవాడే కావచ్చు.

రెండవది టైరు. దాని మీది గాడులు అందం కోసం కాదు, నీటిని పక్కకు తోసేయడానికి. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలుంటాయి. టైరు వాటి మట్టానికి అరిగితే ఇక మార్చవలసిందే. గాలి తక్కువైతే మలుపులో బండి ఊగుతుంది, ఎక్కువైతే నేలను తాకే భాగం తగ్గుతుంది. వారానికొకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి.

మూడవది మన చేయి. ముందు బ్రేకంటే భయపడి చాలామంది కాలిబ్రేకు ఒక్కటే తొక్కుతారు. బ్రేకు పడగానే బరువు ముందుచక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని గట్టిగా ఆపితే అది తిరగడం మాని పక్కకు ఈడ్చుకుపోతుంది. దొర్లే చక్రానికున్న పట్టు బిగిసిన చక్రానికుండదు. కనుక రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి క్రమంగా గట్టిగా నొక్కాలి. ఇసుక మీద, మలుపులో ముందుబ్రేకు గుంజవద్దు. ముందుచక్రం జారితే కాలు ఆనించే వ్యవధి కూడా ఉండదు. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అది చక్రం బిగిసిపోకుండా చూస్తుందే గాని, లేని పట్టును తెచ్చిపెట్టదు. వేగం రెట్టింపయితే ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుందని మరువకండి.

ఇంత జాగ్రత్తపడ్డా ఒకవేళ పడితే? చెక్కుకుపోయిన చోట కాఫీపొడి, పసుపు అద్దవద్దు. సబ్బుతో, ధారాళమైన మంచినీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి. టి.టి. ఇంజెక్షను కావాలో లేదో ఆయన చెబుతారు.

తలదెబ్బ సంగతి వేరు. కొందరు లేచి, దుమ్ము దులుపుకొని, "ఏం కాలేదు" అని ఇంటికి వెళ్లి పడుకుంటారు. పుర్రె లోపల రక్తనాళం తెగి నెత్తురు చేరుతుంటే, కొన్ని గంటలపాటు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. ఆ తర్వాత మగత వస్తుంది. "అలసిపోయాడు, పడుకోనీ" అని ఇంటివారు ఊరుకుంటే ప్రాణానికే ముప్పు. మాటిమాటికి వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తికమక మాటలు, ఫిట్లు, ముక్కునుంచో చెవినుంచో రక్తం లేదా నీరు కారడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేసి, వరంగల్ ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రికి చేర్చండి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు, మెడ వంచవద్దు.

హెల్మెట్ జారకుండా ఆపదు. జారినప్పుడు తలను కాపాడుతుంది. పలు దేశాల పరిశోధనలను 2008లో కలిపి పరిశీలించినప్పుడు, హెల్మెట్ వల్ల ప్రమాదానికి గురైనవారిలో మరణాలు సుమారు 42 శాతం, తలగాయాలు 69 శాతం తగ్గినట్టు తేలింది. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది ముందే ఊడిపోతుంది. వెనక కూర్చున్నవారిదీ తలే!

ఈ ఆదివారం బండి తుడిచేటప్పుడు టైరు గాడుల్లో ఒకసారి వేలుపెట్టి చూడండి. వేలికి గాడి తగలకపోతే, కొత్త టైరు ఖర్చు గురించి ఆలోచించవద్దు. ఎముక విరిగితే అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు.