పక్క గది అమ్మాయి అడిగిన ప్రశ్న

జర్మనీలో చదువుకునే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మన దేశం వాళ్లే ఎక్కువ. 2023-24లో దాదాపు 49 వేల మంది. బ్లాక్డ్ అకౌంట్ గురించీ, వీసా స్లాట్ గురించీ చెప్పేవాళ్లు మన ఊళ్లలో వీధికొకరు ఉన్నారు. అక్కడి మనుషులతో కూర్చుని మాట్లాడమని చెప్పేవాళ్లే కనబడరు. తెలుగువాళ్లతో గది, తెలుగు వాట్సాప్ గ్రూపు, ఆదివారం బిర్యానీ. కొత్త చోట అది కొండంత అండే, కాదనను. కానీ చదువైపోయేదాకా ఆ గది దాటకపోతే అంత దూరం వెళ్లి సగమే చదువుకున్నట్టు.

నేను లైప్జిగ్‌లో చదివాను. హాస్టల్లో మా అంతస్తు మొత్తానికీ ఒకటే వంటగది. పక్క గది అమ్మాయి రాత్రిళ్లు బ్రెడ్డూ చీజూ తినేది. నేను అన్నం, పప్పు వండుకునేదాన్ని. తింటూ అడిగేది: రోజూ ఇంటికి ఫోన్ చేసి ఏం మాట్లాడతావు? ఈ కోర్సు నువ్వు ఎంచుకున్నావా, మీ నాన్నా? నేనూ అడిగేదాన్ని. పద్దెనిమిదేళ్లకే ఇల్లు వదిలి వచ్చేస్తే మీ అమ్మ బెంగ పెట్టుకోలేదా అంటే నవ్వింది. వాళ్లమ్మ అదే వయసులో, 1989 అక్టోబరు 9న, ఇదే లైప్జిగ్ వీధుల్లో దాదాపు 70 వేల మందితో కలిసి అప్పటి తూర్పు జర్మనీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా నడిచిందట, కాల్పులు జరుగుతాయేమోనన్న భయంతోనే. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది.

ఒక నవంబరు 9 సాయంత్రం ఆమె గుడ్డ, పాలిష్ డబ్బా తీసుకుని బయల్దేరితే వెంట వెళ్లాను. అక్కడ పేవ్‌మెంట్లలో చిన్న చిన్న ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. నాజీలు ఈడ్చుకుపోయిన మనుషుల పేరు, పుట్టిన ఏడాది, చనిపోయిన చోటు, వాళ్లు ఉన్న ఇంటి ముందే. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990ల్లో మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు యూరప్ అంతటా లక్ష దాటాయి. 1938లో యూదుల ప్రార్థనాలయాలు తగలబెట్టిన రోజని, ఏటా ఆ తేదీన లైప్జిగ్ జనం ఆ పలకలను తోమి కొవ్వొత్తులు పెడతారు. మోకాళ్ల మీద కూర్చుని తోముతూనే, తన ముత్తాత నాజీ పార్టీ సభ్యుడని చెప్పింది. తర్వాత అడిగింది: కులం గురించి విన్నాను, మీ ఊరి వైపు ఏం జరిగింది?

మాది తెనాలి దగ్గర. చుండూరు స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు రైల్లో వెళ్లానో! 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారని తెలుసు, అంతే. మాది పొలాలున్న కుటుంబం. ఆ మాట వస్తే పెద్దవాళ్లు టీవీ సౌండు పెంచేవారు.

ఆ ఆదివారం నాన్నకు ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ రోజుల్లో తెనాలి ఎలా ఉండేదో, చుండూరు వదిలి వచ్చినవాళ్లు అక్కడ ఎలా తలదాచుకున్నారో చెప్పుకొచ్చారు. మిగతాది నేను చదివి తెలుసుకున్నాను: చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు, 2007లో 21 మందికి యావజ్జీవం, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులనడం, చనిపోయినవాళ్లను ఊరి నడుమ పూడ్చిన రక్తక్షేత్రం. ఫోన్ పెట్టేసే ముందు నాన్న అడిగారు, ఆ ఇత్తడి పలకలకు డబ్బు ఎవరిస్తారని. మామూలు జనమే చందా ఇస్తారని చెప్పాను.

ఇదంతా పక్క గది అమ్మాయికి చెప్పానని తెలిసి, పరాయివాళ్ల ముందు ఇంటి గుట్టు విప్పడం దేనికని స్నేహితులు కోప్పడ్డారు. ముత్తాత సంగతి చెప్పినందుకు ఆ అమ్మాయి గానీ, ఆమె దేశం గానీ నా కళ్లలో చిన్నవైపోలేదు. గౌరవం పెరిగింది. ఇండియా నైట్‌లో పట్టుచీర కట్టుకుని ఆడటం నాకూ ఇష్టమే. అక్కడ చప్పట్లు వస్తాయి, ప్రశ్నలు రావు. మన గురించి మనం తెలుసుకోవడానికి ఆ ప్రశ్నలే కావాలి.

వచ్చే అక్టోబరుకు వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మొదట తెలుగువాళ్లతోనే ఉండండి. రెండో సెమిస్టరుకైనా ఉమ్మడి వంటగది ఉన్న హాస్టల్‌కి మారండి. దరఖాస్తు మాత్రం ఇక్కడి నుంచే పెట్టుకోండి, అక్కడ వెయిటింగ్ లిస్టు చాలా పెద్దది.