రైలెక్కిన కారు: లాభమెంత? ఖర్చెవరిది?

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. బండి మరొక బండినెక్కడం కూడా మనకి కొత్త కాదు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు మీద కార్లూ మోటారుసైకిళ్ళూ గోదావరి దాటడం ఆ జిల్లాల వాళ్ళందరికీ తెలిసిన సంగతే. కనుక కారును రైలెక్కించి తీసుకుపోతామంటే నవ్వనక్కరలేదు, ఆహా అని చప్పట్లు కొట్టనూ అక్కరలేదు. ఎరువు కొన్నా ఎడ్లు కొన్నా ముందు లెక్క చూస్తాడు రైతు. ఆ లెక్కే ఇక్కడా చూద్దాం.

మన దేశంలో ఈ ముచ్చట 2025లో జరిగింది. వినాయక చవితికి ముంబయి నుంచి కొంకణ తీరంలోని సొంత ఊళ్ళకు వెళ్ళే జనం లక్షల్లో ఉంటారు. ఆ రోజుల్లో ముంబయి-గోవా రోడ్డు మీద బండ్లు చీమల బారులాగా కదులుతాయి. అందుకని కొంకణ్ రైల్వే సంస్థ ఆగస్టు 23 నుంచి కొలాడ్ - వెర్ణా స్టేషన్ల మధ్య కార్లను మోసుకుపోయే రైలు వేసింది. చక్రాల మీదే ఎక్కడం, చక్రాల మీదే దిగడం కాబట్టి దీన్ని రోరో అంటారు. ఒక్కో వ్యాగనుకి రెండు కార్ల చొప్పున ఇరవై వ్యాగన్లు, మొత్తం నలభై కార్లు. కారుకు రూ. 7,875. కారుతో ముగ్గురికి మించి వెళ్ళరాదు. ఆ ముగ్గురూ కారులో కూర్చోరాదు, రైలుకి తగిలించిన బోగీలో టిక్కెట్టు కొనుక్కోవాలి. ఏ.సి. మూడో తరగతి రూ. 935, కూర్చునే రెండో తరగతి రూ. 190. కనీసం పదహారు కార్లు రాకపోతే ఆ పూట బండి రద్దు.

ఇంత ఏర్పాటు చేస్తే జనం ఎగబడ్డారా? లేదు. బుకింగులు చాలా పలచగా వచ్చాయి. మధ్యలో నాంద్‌గావ్ రోడ్ స్టేషనులో కూడా ఆపుతామని తర్వాత ప్రకటించాల్సి వచ్చింది. ఎందుకిలా అయింది? జనానికి కొత్తదంటే భయమనీ, ప్రచారం చాలలేదనీ అనడం తేలిక. నాకు మాత్రం జనం లెక్క చూసుకున్నారనిపిస్తుంది.

ముందు లాభాలు ఒప్పుకుందాం. మొదటిది ప్రాణం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. పండుగ రద్దీలో రాత్రంతా నిద్రాపుకొని స్టీరింగు పట్టుకునేవాడికీ, బెర్తు మీద నడుం వాల్చినవాడికీ తేడా మాటల్లో చెప్పేది కాదు. రెండోది, ఇంట్లో ముసలివాళ్ళుంటే, స్టేషనులో దిగాక బస్సు లేని పల్లెకు పోవాలంటే సొంత బండి ఎంత ఆసరాయో పల్లెటూరి వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. మూడోది, కొంకణ్ రైల్వే లైను మొత్తం 2022 నాటికి విద్యుదీకరణ అయింది కనుక ఆ దారంతా కారు పెట్రోలు తాగదు, పొగ వదలదు.

ఇక ఖర్చు. కొలాడ్ నుంచి వెర్ణాకు సుమారు 420 కిలోమీటర్లు. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే కారుకు 28 లీటర్లు కావాలి. లీటరు నూరు రూపాయలు దాటింది గనుక మూడు వేలు వేసుకోండి. అదే రైలు మీదైతే కారుకు 7,875, ముగ్గురికి ఏ.సి. టిక్కెట్లు 2,805, వెరసి 10,680 రూపాయలు. చౌక టిక్కెట్టు కొన్నా 8,445. టోలు, టైర్ల అరుగుదల కింద మరో రెండు వేలు రోడ్డు పద్దులో రాసినా రైలు ఖర్చే చాలా ఎక్కువ. పైగా ఇంట్లో అయిదుగురుంటే మిగతా ఇద్దరూ వేరే రైలు వెతుక్కోవాలి!

పోనీ కాలం కలిసొస్తుందా? సాయంత్రం అయిదింటి బండికి మధ్యాహ్నం రెండింటికే కారు కొలాడ్‌లో ఉండాలి. దిగేది మర్నాటి తెల్లవారుజామున అయిదింటికి. అంటే అప్పటికే పదిహేను గంటలు. కొలాడ్ ఏమో ముంబయికి నూటికి పైగా కిలోమీటర్ల దూరాన ఉంది. ఆ దూరం, ఆ రద్దీ, ఎలాగూ రోడ్డు మీదే పడాలి. మామూలు రోజుల్లో ముంబయి నుంచి గోవాకు రోడ్డు మీద పది పన్నెండు గంటలు. పైగా చవితికి పోయేవాళ్ళలో చాలామంది ఊళ్ళు రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాల్లో ఉన్నాయి. రైలేమో మొదట ఆ ఊళ్ళను దాటుకుంటూ గోవాలో దింపుతానంది. మా ఊరు దాటాక దింపుతానన్న బస్సు ఎంత ఖాళీగా ఉంటే మాత్రం నాకెందుకు?

అయితే ఇది ఎక్కడా పనికిరాని ఆలోచనేనా? కాదు. పనికొచ్చే చోట్లున్నాయి. అమెరికాలో వాషింగ్టన్ దగ్గరి లార్టన్ నుంచి ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్ దాకా ఆమ్‌ట్రాక్ సంస్థ ఆటో ట్రైన్ నడుపుతోంది. దూరం 855 మైళ్ళు, అంటే సుమారు 1,376 కిలోమీటర్లు. సాయంత్రం ఎక్కితే మర్నాటి పొద్దుటికి గమ్యం. 1971లో ఒక ప్రైవేటు కంపెనీ దీన్ని మొదలుపెట్టి, దివాళా తీసి, 1981లో ఆపేసింది. 1983 నుంచి ఆమ్‌ట్రాక్ నడుపుతోంది. చలికాలం వెచ్చటి ఫ్లోరిడాలో నెలల తరబడి ఉండిపోయే పెద్దవయసు వాళ్ళు దీనికి పెద్ద ఆధారం. నెలల తరబడి అద్దెకారు పెట్టుకోవడం కన్నా సొంత కారు తీసుకుపోవడం వాళ్ళకు గిట్టుబాటు. ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ సముద్రం కింది సొరంగంలో 1994 నుంచి కార్లను రైలు దాటిస్తోంది. ముప్ఫై అయిదు నిమిషాల ప్రయాణం, కారు దిగే పనే లేదు. స్విట్జర్లాండులో లోష్‌బెర్గ్ కొండ సొరంగంలోనూ అంతే. అక్కడ కారు తనంతట తాను పోవడానికి దారే లేదు.

మరోపక్క జర్మనీ చూడండి. అక్కడి ప్రభుత్వ రైల్వే దశాబ్దాల పాటు నడిపిన దూరప్రయాణపు కారు రైళ్ళను 2016లో ఆపేసింది. దీన్నిబట్టి నాకు తోచిన సూత్రం ఇది. దారి మధ్య సముద్రమో కొండో అడ్డం ఉండాలి. లేదా రాత్రంతా పట్టే వెయ్యి కిలోమీటర్ల దూరం ఉండి, దిగినచోట చాలా రోజులు బస ఉండాలి. ఈ రెండూ లేనిచోట కారు రైలు ముచ్చటే తప్ప అవసరం కాదు.

ఈ సూత్రాన్ని మన సంక్రాంతికి తగిలించి చూద్దాం. ఏటా హైదరాబాదు నుంచి కోస్తాకు కార్లు బారులు తీరి పంతంగి టోల్‌గేటు దగ్గర గంటలకొద్దీ ఆగడం మనకు తెలుసు. ఇక్కడ కూడా కారు రైలు వేస్తే బాగుండునని ఎవరికైనా అనిపించవచ్చు. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే అయిదు గంటలు. కారు ఎక్కించి, చక్రాలకు ఆపులు పెట్టి, తాళ్ళు బిగించడానికే మూడు గంటలు ముందు రావాలంటే ఇంకేం మిగిలింది? సగం దారి అక్కడే అయిపోయింది. విశాఖపట్నం దాకా అయితే కొంత ఆలోచించవచ్చునేమో గాని, విజయవాడకు మాత్రం అది ఇంటి ముందు వాకిలి దాటడానికి పడవ కట్టుకున్నట్టే.

ఇప్పుడు సైన్సు విద్యార్థిగా ఒక చిన్న లెక్క వేస్తాను, విసుక్కోకండి. రబ్బరు టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు నలుగుతుంది. అందువల్ల కారు విషయంలో టన్ను బరువుకు సుమారు పన్నెండు కిలోల లాగుడు కావాలి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం నలగదు, టన్నుకు రెండు కిలోలు చాలు. రైలు గొప్పంతా ఇందులోనే ఉంది. కాని వ్యాగను బరువో? సుమారు ఇరవై మూడు టన్నులు. దాని మీద ఎక్కే రెండు కార్లు కలిపి రెండున్నర టన్నులు. మొత్తం ఇరవై అయిదున్నర టన్నులకు 51 కిలోల లాగుడు. ఆ రెండు కార్లూ తమ దారిన తాము రోడ్డు మీద దొర్లితే 30 కిలోలు! వేగంతో పెరిగే గాలి ఎదురు వేరే లెక్క, అది రోడ్డు మీది కారుకే ఎక్కువ నష్టం. అయినా దొర్లుడులో రైలుకున్న ఆరు రెట్ల సుగుణాన్ని ఖాళీ ఇనుమే మింగేసిందన్న మాట నిజం. రెండు కొబ్బరికాయలకు ఎడ్లబండి కట్టినట్టు.

అదే వ్యాగను మీద ఇరవై అయిదు టన్నుల లారీ ఎక్కించండి. లారీ టైరు గట్టిది, టన్నుకు ఏడు కిలోలు అనుకున్నా రోడ్డు మీద 175 కిలోల లాగుడు కావాలి. వ్యాగనుతో కలిపి నలభై ఎనిమిది టన్నులు రైలు మీద 96 కిలోలతో పోతుంది. ఇక్కడ లెక్క తిరగబడింది! ఇదేదో నేను కనిపెట్టింది కాదు. కొంకణ్ రైల్వే 1999 నుంచి సరుకు లారీలను ఇలాగే మోస్తోంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో తిరగాల్సిన డ్రైవరు తన క్యాబినులోనే కూర్చుని వెళ్తాడు. డీజిలు మిగులుతుంది, రోడ్డు మిగులుతుంది, మనిషి మిగులుతాడు.

రైతుకు ఇందులో మరో లాభం ఉంది. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లు, కూరగాయలతో కిసాన్ రైలు కదిలింది. మంచి పనే. కాని మామూలు రైలుకు సరుకు పంపాలంటే తోటలో ఒకసారి, స్టేషనులో ఒకసారి, అక్కడ దిగాక మరోసారి ఎత్తి దించాలి. ఎత్తి దించినప్పుడల్లా టమాటా ఎంత నలుగుతుందో పండించినవాణ్ణి అడగండి, చెబుతాడు. లారీయే రైలెక్కితే తోటలో ఎక్కించిన గంప మళ్ళీ మండీలోనే దిగుతుంది. ఎక్కే ర్యాంపులు కట్టాలి, పైనున్న విద్యుత్ తీగలకు తగలకుండా లారీ ఎత్తు కొలవాలి. కష్టమే, కాని ఆ కష్టానికి ఫలితం ఉంది.

ఇంతకీ నా అసలు బాధ ఎక్కడంటే, రైలు పట్టా ఎవరి సొంత ఆస్తీ కాదు. ఒక బండి కదలాలంటే ఇంకొకటి ఆగాలి. నలభై కార్ల రైలు నిండా నిండినా అందులో పోయేది నూట ఇరవై మంది. మన జనరల్ బోగీ ఒక్కదాంట్లోనే తొంభై, వంద సీట్లుంటాయి. పండుగ నాడు అందులో ఎంతమంది ఎక్కుతారో, మరుగుదొడ్డి తలుపు దగ్గర ఎంతమంది నిలబడి ప్రయాణం చేస్తారో ఈ కాలేజీలో చదివే వాళ్ళకి నేను చెప్పాలా? పండుగ రద్దీలో ఖాళీ దొరికిన ఆ కాస్త దారినీ నలభై కార్లకిద్దామా, పది జనరల్ బోగీలకిద్దామా? కారున్నవాడు రాకూడదని నేననను. తన ఖర్చు పూర్తిగా తాను పెట్టుకుని, జనం బండికి అడ్డం రాకుండా, రద్దీ లేని రోజుల్లో వెయ్యి కిలోమీటర్ల దూరాలకు పోతానంటే సంతోషంగా పోనివ్వండి.

మనలో చాలామందికి కారు లేదు, మహా అయితే మోటారుసైకిలుంది. దాన్ని రైల్వేవారు ఎప్పటినుంచో మోస్తూనే ఉన్నారు. పెట్రోలు తీసేసి, గోనెపట్టా చుట్టించి, ఆర్.సి. కాపీ ఇచ్చి పార్శిలు ఆఫీసులో బుక్ చేస్తే చాలు. టిక్కెట్టు మీద లగేజీగానూ పంపవచ్చు. లోపం ఎక్కడుందంటే, పార్శిలుగా వేసిన బండి చోటు దొరికితేనే కదులుతుంది. ఏ రోజు చేరుతుందో ముందే గట్టిగా చెప్పగలిగే ఏర్పాటు చేస్తే ఉద్యోగానికి, చదువుకి ఊరు మారే వేలాదిమంది కుర్రాళ్ళకు మేలు జరుగుతుంది. కారు రైలుకు పెట్టే శ్రద్ధలో పదో వంతు పెట్టినా ఈ పని అవుతుంది.

కాబట్టి నా వరుస ఇది. రైలు మొదట మనిషిని మొయ్యాలి, తర్వాత మనిషి తినే తిండిని మొయ్యాలి, లారీతో సహా మోసినా సరే. ఆ రెండూ అయ్యాక చోటు మిగిలితే, డబ్బు గిట్టితే, అప్పుడు కారును మొయ్యాలి. రేపు మన ప్రాంతంలో ఇలాంటి రైలు వేస్తామని ఎవరైనా ప్రకటిస్తే బొమ్మ బాగుందని మురిసిపోకండి. ఎంత దూరం, ఎన్ని రోజుల బస, ఎంతమంది జనం, ఎవరి ఖర్చు అని నాలుగు ప్రశ్నలు అడగండి. చదువుకున్నవాళ్ళు ఈ మాత్రం లెక్క అడక్కపోతే ఇంకెవరడుగుతారు?