త్రవ్వకములలో సామాన్యునికి చోటు

అమెరికాలో దక్షిణ కెరొలైనా, జార్జియా రాష్ట్రములకు ఎల్లగా ప్రవహించు సవన్నా నది ఒడ్డున టాపర్ అను ప్రాచీన స్థలము కలదు. చెకుముకి జాతి రాయి సమృద్ధిగా దొరకు తావగుటచే, సుమారు 13,000 ఏండ్ల క్రిందట క్లోవిస్ సంస్కృతికి చెందిన మానవులు అచ్చట మకాము చేసి, బల్లెపు మొనలు చెక్కుకొని, రాలిన పెచ్చులను అక్కడనే విడిచిపోయిరి. ఆ పెచ్చులను ఏండ్ల తరబడి ఇసుకనుండి వేరుచేసినవారిలో పెక్కుమంది పురాతత్త్వశాస్త్రమున పట్టము పొందినవారు కారు. తామే కొంత రుసుము చెల్లించి, వేసవి యెండలో మోకాళ్ళపై కూర్చుండి పనిచేసిన సామాన్య పౌరులు.

ఇట్టివారి చేతికి నేలను అప్పగించుటకు విద్వాంసులు జంకుట సహజము. త్రవ్వకమనగా ఒక విధముగా విధ్వంసమే. తీసిన పొరను తిరిగి పరచుట ఎవ్వరి తరమును కాదు. ప్రయోగశాలలో తప్పిన ప్రయోగమును మరల చేయవచ్చును గాని, నేలలో తప్పినది శాశ్వతముగా తప్పినట్లే. అయితే ఈ ప్రమాదమంతయు శిక్షణ లేమివలన వచ్చునది. జీతము లేనివానికి శిక్షణయు ఉండదని తలచుట మనవారిలో పాతుకొనిపోయిన అపోహ.

పరీక్షా గుంట పనిని దగ్గరనుండి చూచినచో ఈ మాట స్పష్టమగును. మీటరో, రెండు మీటర్లో భుజముగల చతురస్రమునకు నాలుగు మూలల మేకులు పాతి, దారము బిగించి, తాపీ అంచుతో మట్టిని గీకుచు, ఐదేసి పదేసి సెంటీమీటర్ల వంతున దిగుదురు. తీసిన మట్టినంతయు జల్లెడ పట్టి, గోరంత పెచ్చును సైతము గుంట సంఖ్యయు పొర లోతును వ్రాసిన సంచిలో వేయుదురు. గోడలు నిటారుగా నిలువవలెను. ఏలయన, నది ఏయే కాలములందు ఎంతెంత ఇసుకను తెచ్చి పరచినదో ఆ గోడలపై కనబడు రంగుచారలనుబట్టియే తెలియవలెను. దొరకిన రాతిని ఆత్రముతో పెకలించి చేతబట్టినవాడు అది పడియున్న చోటును పోగొట్టుకొనును. చోటు పోయిన రాయి అలమరకు అలంకారమగును గాని చరిత్రకు ఆధారము కాజాలదు. ఇందు కావలసినది పాండిత్యముకన్న ఓర్పు, చెప్పినది చెప్పినట్లు చేయు నిష్ఠ. అవి పట్టభద్రులకే పరిమితమైన గుణములు కావు.

1998లో సవన్నా నదికి వరద వచ్చి, త్రవ్వదలచిన మరియొక తావు నీట మునుగగా, ఆల్బర్ట్ గుడ్‌యియర్ అను పురాతత్త్వవేత్త తన బృందమును ఎత్తైన టాపర్ స్థలమునకు మరలించెను. అమెరికా ఖండమున క్లోవిస్‌వారికి ముందు మానవుడే లేడను సిద్ధాంతము, చిలీలోని మోంటే వెర్డె స్థలమును 1997లో పండితులు పరిశీలించిన పిమ్మట సడలియుండుటచే, ఆయన క్లోవిస్ పొరకు దిగువను కూడ త్రవ్వించెను. అచ్చటను రాతి ముక్కలు దొరకెను. 2004లో, అట్టడుగు పొరనుండి తీసిన బొగ్గు 50,000 ఏండ్లకు పైబడినదని ప్రకటింపబడగా పెనువివాదము చెలరేగినది. ఆ ముక్కలు మానవుడు చెక్కినవి కావు, ప్రకృతి శక్తులవలన తమంత తాము పగిలినవి యని పలువురు శాస్త్రజ్ఞుల వాదము. నాకును ఆ సంశయమే బలవత్తరముగా తోచుచున్నది. కాని గమనింపవలసిన విశేష మొకటున్నది. ఏ ముక్క ఏ గుంటలో ఎంత లోతున దొరకెనో వ్రాసియుంచుటచేతనే కదా ఈ వాదమునకు తావు కలిగినది! ఆ వ్రాతకు ఆధారమైన శ్రమలో స్వచ్ఛంద సేవకుల చేతులును ఉన్నవి.

మన దేశమునను ఇట్టి ఉపకారమునకు నిదర్శనమున్నది. కృష్ణాతీరమున నాగార్జునకొండ శిథిలములను 1926లో చూచి ప్రభుత్వమునకు తెలిపినవాడు సూరపరాజు వెంకటరామయ్య అను స్థానిక ఉపాధ్యాయుడు. ఆ పిమ్మట పురావస్తు శాఖ వచ్చినది; 1954 మొదలు 1960 వరకు, జలాశయము ఆ లోయను ముంచకముందే, విస్తృతమైన త్రవ్వకములు సాగినవి. నాటి ఆ ఉపాధ్యాయుని చూపు నేడును మన పల్లెలలో లేకపోలేదు. దానికి శిక్షణ నిచ్చి పనిలో పెట్టుకొను ఏర్పాటే కొరవడినది.

అనుమతి లేని త్రవ్వకమును చట్టము నిషేధించుట సర్వథా న్యాయము. నిధి వేటగాండ్రు పాడుచేసిన దిబ్బలను చూచినవారెవ్వరును ఆ కట్టుబాటును సడలింపుమని కోరరు. నేను కోరునది వేరు. ఇసుక తవ్వకములతో కృష్ణా గోదావరుల ఒడ్డులు కోసుకొనిపోవుచున్న ఈ దినములలో, పెంకులో ఇటుకలో బయటపడినప్పుడు వాటిని కదలింపక, చోటు గుర్తించి, తక్షణమే కబురు చేయగలవారు తీరగ్రామములలో ఉండవలెను. అనుమతి గల ప్రతి త్రవ్వకమునను కొన్ని గుంటలను స్థానిక ఉపాధ్యాయులకును, విద్యార్థులకును, రైతులకును ప్రత్యేకించి, నిపుణుల కనుసన్నలలో వారికి పని నేర్పవలసినదిగా పురావస్తు శాఖలను, విశ్వవిద్యాలయములను అర్థించుచున్నాను.