తొండ మెడలో దారం

పిల్లలూ! కడప జిల్లానుంచి ఏడో తరగతి చదివే పాఠకుడొకడు నాకొక ఫోటో పంపాడు. వాళ్ళ నాన్నగారి సెల్‌ఫోనుతో తీశాడట. బండ మీద రాతి తొండ, వీపు ఎరుపు, పక్కలు నలుపు, తల పైకెత్తి దర్జాగా కూర్చుంది. భేషుగ్గా ఉందే అనుకున్నాను. తీరా పరకాయించి చూస్తే మెడకు సన్నటి తెల్లదారం! పట్టి కట్టేసి తీశాడన్నమాట.

వాణ్ణి కోప్పడదామంటే నాకు నోరు రాలేదు. ఎందుచేతనంటే, కెమెరా కొన్న కొత్తలో నేను చేసిన పని ఇంతకంటె అన్యాయం. కడప దగ్గర కొండల్లో సాలీడు ఫోటో కోసమని కనబడ్డ రాయినల్లా తిరగేస్తూ పోయాను. ఒక రాయి కింద రంపంతో కట్టె కోసినట్టు చప్పుడయింది. చూద్దును గదా, చిన్న పింజర! మూరెడు కూడా లేదుగాని మహా విషం. అది పొలుసులు ఒకదానితో ఒకటి రాసి ఆ చప్పుడు చేస్తుంది, దగ్గరికి రావద్దని. నేను వెల్లకిలా పడ్డాను, కెమెరా అద్దం పగిలింది. చెయ్యి దక్కింది, అదే పదివేలు. మన ఎండలకు రాయి కింద ఉండే ఆ కాస్త చల్లదనమే ఎన్నో పురుగులకు ఇల్లు. ఆవాళ నేనెన్ని ఇళ్ళు పడగొట్టానో!

ఇహ మన సీమ దగ్గరే పుట్టిన ఒక సాలీడు కథ వినండి. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన ఒక పెద్ద సాలీడును వర్ణించి పేరుపెట్టాడు. కాళ్ళు చాపితే జానెడు, ఒళ్ళంతా నెమలికంఠంలాంటి నీలం. ఆ తరవాత వంద సంవత్సరాలు అది అడవిలో ఎవరి కంటా పడలేదు. గుత్తిలో దొరికింది రైల్వే యార్డులో. కలపతోపాటు రైలెక్కి వచ్చింది కాబోలునని తరవాతివాళ్ళు ఊహించారు. చివరకు 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల అడవిలో మళ్ళీ కనబడింది. గుత్తికి అది సుమారు 100 కిలోమీటర్లు! పాత చెట్ల తొర్రల్లో పగలంతా దాక్కుని, రాత్రి పురుగుల కోసం బయటికి వస్తుంది.

ఆ నీలం రంగు కాదంటే నమ్ముతారా? సబ్బుబుడగకు రంగులెవరు పూశారు? అలాగే దీని వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన అమరిక వెలుతుర్లోని నీలాన్ని మాత్రమే మన కంటికి తిప్పి పంపుతుంది. చీకట్లో అది ఉత్త నల్ల సాలీడే.

ఆ అందమే దానికి చేటు. ఇలాటివాటిని పెంచుకునే సరదా విదేశాల్లో చాలామందికి ఉంది. కొనేవాళ్ళుంటే పట్టి అమ్మేవాళ్ళుంటారు. పైగా తొర్రలున్న చెట్లను కట్టెలకు కొట్టేస్తున్నారు. 2008లో ఐ.యు.సి.ఎన్. అనే అంతర్జాతీయ సంస్థ దీన్ని మిక్కిలి ప్రమాదంలో ఉన్న జీవుల పట్టీలో చేర్చింది. 2019లో దీని జాతి మొత్తాన్ని దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందంలోకి తెచ్చారు. అంచేత దీన్ని ఫోటో తీసినవాళ్ళు చెట్టు ఎక్కడుందో చెప్పకూడదు. సెల్‌ఫోను ఫోటోలో, మనం రాయకపోయినా, తీసిన చోటు గుర్తు దాగి ఉండవచ్చు. ఎవరికైనా పంపేముందు అది తీసెయ్యాలి. ఆ అడవికి అటవీశాఖవారి అనుమతి లేనిదే మీరూ వెళ్ళరాదు, మీ నాన్నగారూ వెళ్ళరాదు. అక్కడ పులులున్నాయి మరి.

తొండకు ఇంత హంగామా అక్కర్లేదు. దాని ఒంటికి సొంత వేడి చాలదు. పొద్దున్నే బండ మీద ఎండ కాచుకుంటుంది. అప్పుడు పెద్దవాళ్ళెవరినైనా తోడు తీసుకుని, దూరంగా, దాని కళ్ళ ఎత్తుకు వంగి కూర్చోండి. మీ నీడ దాని మీద పడనివ్వకండి. రెండడుగులు జరిగి, ఆగి, మళ్ళీ రెండడుగులు. అది బస్కీలు తీయడం కూడా మీకు కనబడవచ్చు! మగతొండ రంగులు దాని కోపతాపాలను బట్టి మారుతూంటాయి. దారం కట్టిన తొండలో మనకు కనబడేది దాని భయమే.

ఇదంతా రాసి ఆ కుర్రవాడికి పంపాను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. దారం కత్తిరించి ఆ బండ మీదే వదిలాడట. నాలుగు రోజులు అది కనబడలేదట. అయిదోనాడు అమ్మతో వెళ్ళి గంటసేపు కూర్చుంటే వచ్చిందట, ఫోను పైకెత్తగానే పారిపోయిందట. ఫోటోలో బండా, ఎండా, మసకమసకగా ఒక తోకా ఉన్నాయి. ఈ నెల ఈ పేజీలో ఆ ఫోటోనే వేస్తున్నాం.