శుక్లాలకు లేజర్: ఖర్చు ఎక్కువైతే చూపూ ఎక్కువ వస్తుందా?

“దాదీకి లేజరే చేయిద్దాం, ఖర్చయినా పర్లేదు.” శుక్లాల ఆపరేషన్ అనగానే మన ఇళ్లల్లో వినిపించే మాట ఇది. ప్రేమతో అనేదే. కానీ అప్పు చేసే ముందు కొంచెం ఆగి చూడాలి.

మామూలుగా చేసే ఫేకోలో చిన్న కోత పెట్టి, అల్ట్రాసౌండ్‌తో మసకబారిన లెన్స్‌ను ముక్కలు చేసి లాగేస్తారు, కొత్త లెన్స్ పెడతారు. దీన్నే చాలామంది లేజర్ అనుకుంటారు! అసలైన ఫెమ్టోసెకండ్ లేజర్ చేసేది కోత పెట్టడం, లెన్స్ పొరను గుండ్రంగా తెరవడం, ముక్కలు చేయడం వరకే. ఆ ముక్కలు తీయడానికి మళ్లీ ఫేకో మిషనే కావాలి, డాక్టర్ చెయ్యే కావాలి.

మరి చూపు సంగతి? ఫ్రాన్స్‌లో ఐదు యూనివర్సిటీ ఆసుపత్రుల్లో జరిగిన ఫెమ్‌క్యాట్ పరిశోధన 2020లో లాన్సెట్‌లో వచ్చింది. బ్రిటన్‌లో 785 మందితో ఫ్యాక్ట్ పరిశోధన చేశారు. రెండింట్లోనూ లేజర్‌తో చూపు మెరుగ్గా వచ్చినట్టు తేలలేదు, పెట్టిన ఖర్చుకు తగ్గ లాభమూ కనిపించలేదు. కామర్స్ చదివినోణ్ణి కదా, నాకు లెక్కే ముందు కనిపిస్తుంది: కోట్లు పెట్టి మిషన్ కొన్నవాళ్లు ఆ డబ్బు రాబట్టుకోవాలి, అది మన బిల్లులోకే వస్తుంది.

లేజర్ చెడ్డదని కాదు. దాదీకి షుగర్ ఉండి రెటీనా దెబ్బతిని ఉంటే మాత్రం ఏ పద్ధతీ దాన్ని బాగుచేయదు, కాబట్టి ఆ పరీక్ష ముందే చేయించండి. ప్యాకేజీలో లేజర్‌కెంత, లెన్స్‌కెంత అనేది విడివిడిగా రాయించుకోండి.