ఎడారికి వేసవి సెలవుల్లోనా?

తిరువూరులో ప్రయాణాలకు ముహూర్తం పెట్టేవి బడి సెలవులే. కాశీ అయినా ఊటీ అయినా పరీక్షలయ్యాకే. అదే లెక్కన జైసల్మేర్ ఎడారి జాతీయ ఉద్యానవనానికీ మేలోనే టికెట్లు తీసేద్దామనుకుంటే మాత్రం వద్దంటాను. ఎండలు మనకు కొత్త కాదు, నిజమే. కానీ మన మామిడి తోటల నీడ అక్కడ దొరకదు. అంతకన్నా ముఖ్యం, వేసవి నుంచి వానల దాకా అక్కడ బట్టమేక పిట్ట గుడ్డు పెట్టే కాలం. మామూలుగా ఏడాదికి ఒకటే, అదీ నేల మీద. జీపు చప్పుడుకు తల్లి లేచిపోయిందంటే ఆ గుడ్డు కుక్కకో నక్కకో దక్కుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. సంక్రాంతి సెలవులు సరిగ్గా సరిపోతాయి. పండక్కి ఊళ్లో లేకపోతే పెద్దవాళ్లు ఏమంటారో అది మీ ఇంటి సంగతి. విజయవాడలో రైలెక్కి ఎలాగోలా జోధ్‌పూర్ చేరితే అక్కణ్నుంచి జైసల్మేర్‌కు రైలుంది. రాత్రిళ్లు చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టర్లు మరవొద్దు. పాకిస్తాన్ సరిహద్దు దగ్గర కాబట్టి కొన్ని చోట్లకు ముందే అనుమతి తీసుకోవాలి.

ఉద్యానవనం మొత్తం 3,162 చదరపు కిలోమీటర్లలో ఇసుక తిన్నెలు కొంత భాగమే. మిగిలిందంతా గడ్డి, రాతి నేల, తుప్పలు. సమ్ దగ్గర ఒంటె ఎక్కి, గుడారాల్లో డీజే పాటలు విని వచ్చినవాళ్లు ఉద్యానవనం చూసినట్టు నేను ఒప్పుకోను. పొద్దున్నే ఉద్యానవనంలోని సుదాసరి వైపు వెళ్లాలి. మీటరు ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువుండే ఈ బట్టమేక పిట్టలు స్వేచ్ఛగా తిరిగేవి దేశం మొత్తం మీద 150 దాకానే ఉంటాయని అంచనా. ఎదురుగా ఉన్నవి వీటికి సరిగా కనబడవు. కరెంటు తీగ కనబడి పక్కకు తిరిగేలోపే ఒళ్లు తగులుతుంది. తీగలు భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది.

ఇంతకీ ఇది మన పిట్టే. దీని కోసమే 1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో 614 హెక్టార్ల అభయారణ్యం పెట్టారు. పక్కన అలగనూరు జలాశయం వచ్చింది, చుట్టూ మెట్ట సాగు మారింది, కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. పిట్ట కనబడటం మానేసింది, అభయారణ్యం మీద రైతుకు కోపం మిగిలింది. ఆ కోపంలో న్యాయముంది. అటు జైసల్మేర్ దగ్గర సమ్‌లో 2019 నుంచి ఈ పిట్ట గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతోనూ ఒక పిల్ల పుట్టింది. రేపు వాటిని వదలడానికి గడ్డి నేలలు కావాలి. ఆ రోజు రోళ్లపాడు పేరు కూడా చెప్పాలంటే, జింకలు మేసిన చేనుకు పరిహారం ఇప్పుడే, ఆలస్యం లేకుండా రైతు చేతికందాలి. జైసల్మేర్ టికెట్ తీసేవాళ్లు ముందు ఒక ఆదివారం రోళ్లపాడు వెళ్లి ఆ రైతులతో మాట్లాడి రండి.