ఫిక్సింగ్‌కు చట్టం ఏదీ?

2010 లార్డ్స్ టెస్టులో డబ్బుకు నోబాల్స్ వేయించిన కేసులో పాకిస్థాన్ ఆటగాళ్లు సల్మాన్ బట్, ఆసిఫ్, ఆమిర్‌లను లండన్ కోర్టు మరుసటి ఏడాదే జైలుకు పంపింది.

మరి మన దగ్గర? మన హైదరాబాదీ అజహరుద్దీన్‌పై 2000లో బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. అది చెల్లదని హైకోర్టు చెప్పేసరికి 2012 వచ్చేసింది. శ్రీశాంత్‌ను 2013లో పోలీసులు అరెస్టు చేస్తే, 2015లో ఢిల్లీ కోర్టు వదిలేసింది. బోర్డు నిషేధం మాత్రం 2020 దాకా నడిచింది.

అసలు లోటు చట్టంలోనే ఉంది. ఫిక్సింగ్‌ను నేరమని చెప్పే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. అది చీటింగ్ సెక్షన్ కిందకు రాదని 2022లో కర్ణాటక హైకోర్టు కూడా తేల్చింది.

దీంతో తప్పు చేసినవాడు తప్పించుకుంటాడు, చేయనివాడు జీవితాంతం అనుమానం మోస్తాడు. స్టార్ అని వదలొద్దు, పేరు చూసి ముద్ర వేయొద్దు. నేరమా కాదా అన్నది టీవీ చర్చల్లో కాదు, కోర్టులో తేలాలి. అదీ త్వరగా తేలాలి.